డెబియన్ మీద సొంత మెయిల్ సర్వర్: ఏళ్ల వాడకం తరువాత

కొన్ని చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు, వాళ్ల సిబ్బంది మెయిల్ ఖాతాలు నా నిర్వహణలో, డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఒక సర్వర్ మీద నడుస్తున్నాయి. డెబియన్ 10 దగ్గర మొదలై ఇప్పుడు 13కు వచ్చాను. వెబ్ సంగతి తొందరగా తేలిపోతుంది. వెబ్ పేజీలు అందించే ఎన్‌జిన్‌ఎక్స్ ఇబ్బంది పెట్టదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే 90 రోజుల భద్రతా సర్టిఫికెట్లను సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ గడువుకు ముందే మారుస్తుంది. కొత్త సర్టిఫికెట్ వచ్చినప్పుడు ఖాతాదారులకు వాళ్ల మెయిల్ అందించే డవ్‌కాట్‌ను రీలోడ్ చేసే ఆదేశం కూడా అందులోనే పెట్టుకోవాలి. లేకపోతే అది పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. శ్రమంతా మెయిల్‌తోనే.

వీట్సే వెనెమా ఐబీఎంలో పరిశోధకుడిగా ఉండగా 1998లో విడుదలైన, మెయిల్ తీసుకుని పంపే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ అంటే నాకు ఎంతో గౌరవం. ఉత్తరం తీసుకోవడానికి ఒక ప్రాసెస్, క్యూ చూడడానికి మరొకటి, బయటికి పంపడానికి ఇంకొకటి. ఒక్కోదానికి అవసరమైనంత అధికారమే ఉంటుంది. ఉత్తరాన్ని డిస్క్ మీద రాసుకున్న తరువాతే ‘అందింది’ అని అవతలి సర్వర్‌కు జవాబిస్తుంది. ఒకసారి మా సర్వర్ అర్ధాంతరంగా ఆగిపోయింది. తిరిగి లేచాక క్యూలో మిగిలిన ఉత్తరాలు వాటంతట అవే బయలుదేరాయి. అవతలి సర్వర్ పలకకపోతే 5 రోజుల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఆ తరువాతే తిప్పి పంపుతుంది. లాగ్ చదవడం వస్తే ఏ ఉత్తరం ఎక్కడ ఆగిందో నిమిషాల్లో తెలిసిపోతుంది. అద్దె మెయిల్ సేవల్లో నాకు ఇంత స్పష్టత ఎప్పుడూ దొరకలేదు.

అయితే ఉత్తరం బయలుదేరడం వేరు, ఇన్‌బాక్స్‌లో పడడం వేరు. ఉత్తరం నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని అవతలివాళ్లు తేల్చుకోవడానికి వాడే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ రికార్డులు ముందే సరిచూసుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నిబంధనలను గట్టిగా అమలు చేస్తున్నాయి. రోజుకు 5,000 ఉత్తరాలకు మించి పంపేవారికి జీమెయిల్ ఆ మూడింటినీ తప్పనిసరి చేసింది. ఐపీ చిరునామా నుంచి పేరును చూపే పీటీఆర్ రికార్డు డొమైన్ ప్యానెల్‌లో ఉండదు, సర్వర్ అద్దెకిచ్చిన సంస్థే పెట్టాలి. చాలా క్లౌడ్ సంస్థలు సర్వర్ల మధ్య మెయిల్ సాగే, బయటికి వెళ్లే పోర్ట్ 25ను మూసే ఉంచుతాయి కాబట్టి డబ్బు కట్టక ముందే అడగండి. నాకు ఒక సంస్థ ఇచ్చిన ఐపీ అప్పటికే స్పామ్ పంపే చిరునామాల బ్లాక్‌లిస్టులో ఉంది. ఎవరో వాడి వదిలేసిన చెడ్డపేరు మా ఉత్తరాలకు అంటుకుంది. మార్చమని అడిగితే రోజుల తరబడి జవాబే రాలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే: అన్నీ సక్రమంగా చేసిన చిన్న సర్వర్‌ను కూడా ఆ ఐపీని ముందు వాడినవారి, పక్క ఐపీల ప్రవర్తనను బట్టి అనుమానిస్తారు.

డెబియన్ వెర్షన్ మార్పులు సాధారణంగా సాఫీగా సాగుతాయి. 12 నుంచి 13కు వెళ్లేటప్పుడు మాత్రం డవ్‌కాట్ 2.3 పోయి 2.4 వస్తుంది. పాత కన్ఫిగరేషన్ ఫైలుతో అది లేవనే లేవదు. సెట్టింగుల పేర్లు మారాయి, కొన్ని రెండుగా విడిపోయాయి. రెండు సర్వర్ల మధ్య మెయిల్ ఖాతాలను ఎప్పటికప్పుడు సరిపోల్చే రెప్లికేషన్‌ను పూర్తిగా తీసేశారు. దాని మీద ఆధారపడ్డ చిన్న నిర్వాహకులకు ఇది అన్యాయమే. నేను నకలు సర్వర్ మీద కొత్త ఫైలు రాసి, పరీక్షించి, ఆ తరువాతే అసలుదాన్ని మార్చాను. మీరూ అలాగే చేయండి.

స్పామ్‌ను వడకట్టడానికి ఆర్‌స్పామ్‌డీ అనే ప్రోగ్రామ్ చాలు. వైరస్ తనిఖీకి క్లామ్ఏవీ కూడా కావాలంటే, దానికి ఒక్కదానికే గిగాబైట్‌కు పైగా మెమరీ పోతుందని లెక్క వేసుకోండి. మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. డిస్క్‌లో చోటుందనిపించినా ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్‌లు అయిపోవచ్చు, వాటినీ గమనిస్తూ ఉండాలి.

ఉత్తరాలను తమ అధీనంలో ఉంచుకోవాలనుకునే, లాగ్ చదివే ఓపిక ఉన్నవారికి ఈ అమరికను ధైర్యంగా సిఫారసు చేస్తాను. వెబ్‌సైట్ నుంచి ఆర్డర్ సమాచారం, పాస్‌వర్డ్ మార్పు లింకులు పంపడమే మీ అవసరమైతే ఇంత శ్రమ వద్దు. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ అనే సెట్టింగ్ దగ్గర, మీ తరఫున ఉత్తరాలు పంపే నమ్మకమైన రిలే సేవ చిరునామా, దాని లాగిన్ వివరాలు ఇస్తే సరిపోతుంది.