ఎయిర్ సస్పెన్షన్ వెంట్ పైపు మార్పించిన తరువాత

నా కారు ఎయిర్ సస్పెన్షన్‌లో, అంటే గాలి నిండిన స్ప్రింగుల ఏర్పాటులో, ఆ గాలి నింపే కంప్రెసర్ మొత్తం మార్చాలని, ఖర్చు లక్ష దాటుతుందని సర్వీస్ సెంటర్ వారు రాసిచ్చిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. చివరికి మారినది మూరెడు నైలాన్ గొట్టం. ఆ కోపం పూర్తిగా చల్లారలేదు గనుక ఈ సమీక్షలో కొంత ఘాటు కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

కరీంనగర్‌లో బంధువుల పెళ్లికి సామానుతో, మనుషులతో నిండుగా వెళ్లి అందరినీ దించిన తరువాత కూడా, నా పాత జర్మన్ కారు వెనుక భాగం ఎత్తుగానే నిలిచిపోయింది. బరువు తగ్గినప్పుడు స్ప్రింగులలోని గాలి కొంత బయటకు పోవాలి; పోలేదు. హనుమకొండ చేరేదాకా ప్రతి గతుకూ నడుముకు తెలిసింది. స్టార్ట్ చేసినప్పుడల్లా కంప్రెసర్ మూలుగుతుండడంతో, స్కానర్ పెట్టి చూసిన వారు దోషమంతా దాని మీదే వేశారు.

వరంగల్ ఆటోనగర్‌లో లారీల ఎయిర్ బ్రేకులు బాగుచేసే మెకానిక్ మాత్రం ఒకటే మాట అడిగాడు: "గాలి మంచిగనే ఎక్కుతున్నది గద సార్, కంప్రెసర్ ఎట్ల పోయినట్టు?" గుంత మీద కారు నిలిపి, కంప్రెసర్ వద్ద, గాలిని బయటకు వదిలే వెంట్ పైపు ఊడదీయగానే బుస్సుమని గాలి తన్నింది. కిందికి దించే బటన్ నొక్కితే, టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ నాలుగు వేళ్లు పట్టే సందు రెండు వేళ్లకు దిగింది. పైపు చివరనున్న రబ్బరు వంపును చీల్చి చూస్తే, మట్టిగూళ్లు కట్టే కందిరీగ పెట్టిన ఎర్రమట్టి గూడు గట్టిపడి ఉంది. అందులో ఎండిపోయిన గొంగళిపురుగు ముక్కలు కూడా ఉన్నాయి.

కారు దిగేటప్పుడు గాలి డ్రయ్యర్‌లోని, తేమను పీల్చే సిలికా జెల్ గుండా వెనక్కు వస్తూ అక్కడి తేమను తనతో బయటకు తీసుకుపోతుంది. ఆ దారి మూసుకుంటే తేమ లోపలే పేరుకుని క్రమంగా, స్ప్రింగులకు గాలిని పంచే వాల్వ్ బ్లాకు దాకా చేరుతుంది. మిగిలిన ఒత్తిడికి ఎదురొడ్డి తిరగవలసి రావడంతో మోటారు కూడా మూలుగుతుంది. స్కానర్ పెట్టినవారు కంప్రెసర్ దోషమనుకున్నది ఆ మూలుగునే.

కొత్తగా వేసినది బయట 6, లోపల 4 మిల్లీమీటర్ల నైలాన్ గొట్టం. బ్లేడుతో వాలుగా కోస్తే ఫిట్టింగులో సరిగా కూర్చోదని మెకానిక్ పైపు కట్టర్‌తోనే నిటారుగా కోశాడు. పురుగులు దూరకుండా చివర, సన్న రంధ్రాల గుండా గాలిని వదిలే చిన్న ఇత్తడి సైలెన్సర్ బిగించాడు. దానిని చూసి అప్పట్లో మిత్రులందరికీ గొప్పగా సిఫారసు చేశాను. వానాకాలం గడిచాక ఆ ఉత్సాహం కొంత తగ్గింది: గ్రానైటు లారీల వెంట నడిచే దారిలో దుమ్ము తడిసి దాని సన్న రంధ్రాలను పూడుస్తున్నది, కారు దిగడం మందగిస్తున్నది, అప్పుడప్పుడు విప్పి కడగక తప్పడం లేదు.

గొట్టం మాత్రం ఇంతవరకు పగలలేదు, మెత్తబడలేదు. నా కారు మట్టిగోడ పక్కన, వేపచెట్టు కింద నిలుస్తుంది గనుక సైలెన్సర్ నాకు అవసరమే. అపార్ట్‌మెంట్ సెల్లారులో నిలిపేవారికి గొట్టం ఒక్కటి మార్చుకుంటే సరిపోవచ్చు. కంప్రెసర్ అప్పటికే అరిగిపోయిన కారుకు ఈ మరమ్మతు ఎంతవరకు పనికివస్తుందో నా అనుభవాన్ని బట్టి చెప్పలేను.