80 మామూలు గాజా, 65 ఈడీ గాజా? ఫోన్‌తో పక్షుల ఫొటోలకు ఏ స్కోప్ మేలు?

స్పాటింగ్ స్కోప్ అంటే దూరంలోని పక్షుల్ని చూసే చిన్న టెలిస్కోప్. చాలావాటి పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది 60 అనే అంకె, అంటే గరిష్ఠంగా అన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. నా మొదటి స్కోప్ ఆ అంకె చూసే కొన్నాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పక్కన, పులికాట్ ఒడ్డున దాన్ని నిలబెట్టి, ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే చోటు) ఫోన్ బిగించి 60 దాకా తిప్పాను. తెర మీద ఫ్లెమింగోలు గులాబీ రంగు మరకల్లా వణుకుతూ కనిపించాయి. గేదెలు తోలుకుపోతున్న కుర్రాడొకడు ఆగి తొంగిచూసి, "ఏందన్నా, మామూలుగానే బాగా కనపడతన్నాయి గదా?" అన్నాడు. వాడన్నది నిజమే.

డిజిస్కోపింగ్‌లో, అంటే స్కోప్‌కి ఫోన్ తగిలించి ఫొటోలు తీయడంలో, రెట్లు పెంచే పని స్కోప్ ఒక్కటే చెయ్యదు. ఫోన్ మెయిన్ కెమెరా దాదాపు 25 ఎంఎం లెన్స్‌తో సమానం అనుకుంటే (ఇక్కడ ఎంఎం అంటే ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి), 20 రెట్ల స్కోప్ వెనక పెట్టగానే అది 500 ఎంఎం అవుతుంది. 30 దగ్గర 750. అంటే స్కోప్‌లో అన్నిటికన్నా తక్కువ జూమ్‌లోనే పక్షుల ఫొటోగ్రాఫర్లు వాడే పెద్ద లెన్సులంత దూరం వెళ్లిపోయాం.

అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ చీకటి. స్కోప్ ముందువైపున్న అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే, ఐపీస్‌లోంచి బయటికొచ్చే వెలుగు ఎంత వెడల్పుందో తెలుస్తుంది. 80 ఎంఎం స్కోప్‌లో (అంటే ముందు అద్దం వ్యాసం 80) 20 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్లు, 60 దగ్గర 1.3. మీ ఫోన్ లెన్స్ రంధ్రం 3 మిల్లీమీటర్లనుకుంటే, 20 దగ్గర అది నిండుతుంది. 60 దగ్గర అందేది అయిదో వంతు. ఫోనేమో షట్టర్ నెమ్మది చేస్తుంది, ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి సున్నితత్వం, పెంచుతుంది. ఫొటో ఇసక చల్లినట్టు తయారవుతుంది. దీనికి తోడు పొద్దున తొమ్మిది దాటితే పులికాట్ మీద గాలి మరగడం మొదలవుతుంది, ఎండ వేడికి బొమ్మ అలల్లా వణుకుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన గాజైనా చేసేదేమీ లేదు.

ఇక అసలు పోటీకి వద్దాం. ఒకవైపు సెలెస్ట్రాన్ అల్టిమా 80 లాంటివి: 20-60 రెట్లు, మామూలు గాజు. ఇంకోవైపు సెలెస్ట్రాన్ రీగల్ ఎం2 65 ఈడీ లాంటివి: 16-48 రెట్లు, ఈడీ గాజు (ఎక్స్‌ట్రా-లో డిస్పర్షన్, వెలుగులోని రంగుల్ని తక్కువగా విడదీసే గాజు). 65ని 16తో భాగించి చూడండి, మళ్లీ 4 మిల్లీమీటర్లే. కనిష్ఠ జూమ్‌లో రెండిటికీ వెలుగు ఒకటే. తేడా వచ్చేది ఒకే రెట్ల దగ్గర పోల్చినప్పుడు. 30 రెట్ల దగ్గర 80కి 2.7, 65కి 2.2 మిల్లీమీటర్లు, అంటే 65లో వెలుతురు దాదాపు మూడింట రెండు వంతులు. సాయంత్రం గూళ్లకు చేరే పక్షుల్నే ఎక్కువగా చూసేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు.

అయినా నా ఓటు 65 ఈడీకే. మన చెరువుల మీద కనిపించేవాటిలో చాలా తెల్లపక్షులు, అవీ ఎండలో. మామూలు గాజులోంచి తెల్లకొంగ మెడ చుట్టూ ఊదారంగు అంచు వస్తుంది. కంటితో చూసేటప్పుడు మెదడు దాన్ని సర్దేసుకుంటుంది గానీ ఫోన్ సర్దుకోదు. పైగా దాన్ని ఇంకాస్త పదును పెట్టి చూపిస్తుంది! ఈడీ గాజు రంగుల్ని విడిపోనివ్వకుండా దాదాపు ఒకేచోట చేరుస్తుంది కాబట్టి ఆ అంచు చాలావరకు పోతుంది. బురదలో తిరిగే చిన్న ఉల్లంకి పిట్టల్లో ఏది ఏదో తేల్చాలన్నా, పరిశోధకులు గుర్తుకోసం కాలికి కట్టిన రంగు జెండా మీద అక్షరాలు చదవాలన్నా పనికొచ్చేది ఆ స్పష్టతే. ఈడీ అంటే బ్రాండుని బట్టి ఖరీదు చాలా పెరుగుతుంది, నిజమే. అంత పెట్టలేమంటే స్వ్‌బోనీ ఎస్‌వీ406పీ లాంటి చవకరకం ఈడీ స్కోపులున్నాయి.

కోవా టీఎస్ఎన్-501 అనే చిన్న స్కోప్ ఊరిస్తుంది, బరువు 400 గ్రాములే. కానీ 50 ఎంఎం అద్దం, 20 దగ్గర మొదలు, అంటే అక్కడే వెలుగు వెడల్పు 2.5 మిల్లీమీటర్లకి వచ్చేశాం. బస్సులో తిరిగేవాళ్లకి, కొండలెక్కేవాళ్లకి బాగుంటుంది. ఫొటోలే ముఖ్యమైతే వద్దు.

ఫొటోలే కావాలంటే స్కోప్ ఎందుకు, నికాన్ పీ950 జూమ్ కెమెరా కొనొచ్చుగా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 83 రెట్ల జూమ్, 2000 ఎంఎంతో సమానం, కిలో బరువు, ఎగిరే పక్షినీ కష్టపడితే పట్టొచ్చు. ఫోన్ తగిలించిన స్కోప్‌తో ఎగిరే పక్షి జోలికి పోకండి. కానీ జనవరిలో నీటిపక్షుల లెక్కింపుకి వెళ్లి రెండు గంటలు చెరువుని జల్లెడ పట్టాలంటే, కెమెరాలోని ఆ చిన్న తెరలోకి చూస్తూ కూర్చోలేం. స్కోప్ మొదట చూడ్డానికి, తర్వాతే ఫొటోకి. ఇక గుంటూరు దగ్గరి ఉప్పలపాడు లాంటిచోట చెట్ల మీద గూళ్లు కళ్లెదుటే ఉంటాయి, అక్కడికి రెండూ అక్కర్లేదు.

వంపు ఐపీసా, తిన్ననిదా? వంపుదే. పిల్లలూ పెద్దలూ ట్రైపాడ్ ఎత్తు మార్చకుండా చూడొచ్చు, ఫోన్ తెర కూడా పుస్తకంలా పైకి తిరిగి ఉంటుంది. కారు కిటికీలోంచి చూసేవాళ్లకే తిన్ననిది నయం.

బడ్జెట్‌లో మూడో వంతు ట్రైపాడ్‌కి ఉంచండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. 80 ఎంఎం స్కోప్‌ని సెల్ఫీల ట్రైపాడ్ మీద పెడితే గాలికి ఊగుతుంది, ఫోన్ తెర తాకినా ఊగుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టి వాల్యూమ్ బటన్ నొక్కితే చాలా ఫోన్లలో షట్టర్ పడుతుంది. లేదా 2 సెకన్ల టైమర్. ఫొటో చుట్టూ నల్లటి వలయం వస్తే స్కోప్‌లో కాదు, ఫోన్‌లో కాస్త జూమ్ చెయ్యండి. ఆటో మాక్రో (దగ్గరి వస్తువుల కోసం ఫోనే లెన్స్ మార్చే సెట్టింగ్) ఆపడం మర్చిపోకండి, లేకపోతే మూడు కెమెరాల ఫోన్ తనంతట తానే పక్క లెన్స్‌కి మారిపోయి తెరంతా నల్లగా చూపిస్తుంది.

కొనేముందు అవకాశముంటే స్కోప్‌ని షాపు బయటికి తీసుకెళ్లి, ఎండలో మెరిసే స్టీలు ట్యాంకునో తెల్లటి పిట్టగోడనో ఆకాశం మీద అంచు కనబడేలా 30 రెట్ల దగ్గర ఫోన్‌తో ఫొటో తీయండి. ఇంటికొచ్చి ఆ అంచుని పెద్దది చేసి చూడండి. ఊదా గీత దారమంత ఉంటే పర్వాలేదు, తాడంత ఉంటే ఆ స్కోప్ వదిలెయ్యండి.