నేషనల్ ఫారెస్ట్‌లో టెంటు స్థలం అమ్ముతున్నారు, డబ్బు కట్టకండి

డాలస్, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఉండే తెలుగువాళ్లకి ముఖ్యంగా ఈ హెచ్చరిక. వాట్సాప్ గ్రూపుల్లో 'ఆర్కన్సా అడవిలో ప్రైవేట్ క్యాంపింగ్, వాగు పక్కనే, మీ గ్రూపు తప్ప ఇంకెవరూ ఉండరు' అని ఒక ప్యాకేజీ తిరుగుతోంది. టెంటుకు ఇంత అని ముందే జెల్‌లో, అంటే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీస్‌లో, డబ్బు తీసుకుంటారు. బయల్దేరే ముందు రోజు మ్యాప్ పిన్ ఒకటి పంపుతారు. మాకు పంపిన పిన్ వాషిటా నేషనల్ ఫారెస్ట్ లోపల ఉంది. అది ప్రభుత్వ అడవి. అక్కడ అలాంటి చోట టెంటు వేసుకోవడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఆ స్థలాన్ని మీ పేరున ఆపే అధికారం కూడా ఎవరికీ లేదు. మా దగ్గర టెంటుకు 85 డాలర్ల చొప్పున తీసుకున్నారు, ఆ డబ్బు తిరిగి రాలేదు. కానీ నేను ఇంత వివరంగా రాస్తున్నది డబ్బు గురించి కాదు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారని ముందే చెప్పినా మమ్మల్ని వరద వచ్చే వాగు ఒడ్డుకు పంపారు. ఇంకో కుటుంబం అక్కడికి వెళ్లకూడదు.

ఫోన్‌లో మాట్లాడిన మనిషి తెలుగువాడే. 'అన్నా, టెన్షన్ పడకండి, పర్మిట్లన్నీ మేమే చూసుకుంటాం' అన్నాడు. ఎకో టాయిలెట్ ఉంటుందని, కట్టెలు సిద్ధంగా పెట్టిస్తామని, గేటు దగ్గర ఎవరైనా అడిగితే మెసేజ్ చూపిస్తే చాలని చెప్పాడు. పర్మిట్ అన్న మాట మనవాళ్లకి వెంటనే నమ్మకం కలిగిస్తుంది. మన దగ్గర నల్లమలలోకి వెళ్లి రాత్రి ఉండాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, వాళ్లు చూపించిన చోటే ఉండాలి. అడవి అంటే ఎవరో ఒకరు అనుమతి ఇవ్వాలి, దానికి రుసుము ఉంటుంది అన్నది మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతి. కాబట్టి ఇక్కడ కూడా యాక్సెస్ ఫీజు అంటే ఎవరికీ అనుమానం రాదు. అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు.

అమెరికాలో నేషనల్ ఫారెస్టుల పద్ధతి వేరు. దేశం మొత్తం మీద 154 నేషనల్ ఫారెస్టులు ఉన్నాయి. వ్యవసాయ శాఖ కింద 1905 నుంచి పనిచేస్తున్న ఫారెస్ట్ సర్వీస్ వీటిని చూసుకుంటుంది. క్యాంప్‌గ్రౌండ్ అని బోర్డు ఉన్న చోట టాయిలెట్, బల్ల, కొన్నిచోట్ల నీళ్లు ఉంటాయి. వాటికి చాలావరకు ఫీజు ఉంటుంది. ఆ క్యాంప్‌గ్రౌండ్లు కాకుండా మిగిలిన అడవిలో, నిషేధం లేని చోట, మనంతట మనం టెంటు వేసుకోవడాన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. అక్కడ టాయిలెట్, కుళాయి, చెత్తడబ్బా ఏవీ ఉండవు. దానికి సాధారణంగా ఫీజు లేదు, రిజర్వేషన్ లేదు. ముందు వచ్చినవాళ్లది ఆ చోటు. అలాంటి చోటును అమ్మడం అంటే ట్యాంక్‌బండ్ మీద బెంచీ రేపు సాయంత్రం మీదే అని చెప్పి డబ్బు తీసుకోవడమే.

మేం నాలుగు కుటుంబాలం. ఊళ్లు దాటాక కంకర రోడ్డు, దాని మీద చాలాసేపు. ఫోన్లలో సిగ్నల్ పోయింది. చివర్లో వాగు మీద ఒక చప్టా దాటాలి, అంటే రోడ్డు మీదుగానే నీళ్లు పారతాయి. మేం వెళ్లినప్పుడు చక్రాలు తడిసేంతే ఉన్నాయి. దాటాక చదునైన ఇసుక మేట, పాత మంటల తాలూకు రాళ్ల వలయాలు, చుట్టూ బీరు డబ్బాలు, పొదల వెనక టాయిలెట్ పేపర్లు. గేటు లేదు, కట్టెలు లేవు. ఎకో టాయిలెట్ అన్నదాని ఆనవాలు కూడా లేదు. నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ కారు దిగగానే 'బాత్రూం ఎక్కడరా?' అని అడిగింది. ఆవిడ మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేదు. ఆ సంగతి ఫోన్‌లో ప్రత్యేకంగా చెప్పాం.

అక్కడ అప్పటికే ఒక కుటుంబం టెంటు వేసుకుని ఉంది. లిటిల్ రాక్ నుంచి వచ్చారట. మేం మెసేజ్ చూపించి ఈ చోటు మేం బుక్ చేసుకున్నాం అంటే, వాళ్లు కోప్పడలేదు, ఆశ్చర్యపోయారు. ఇది నేషనల్ ఫారెస్ట్, దీనికి బుకింగ్ ఏమిటి అన్నారు. కొంచెం అటూ ఇటూ అయితే అది పెద్ద గొడవే అయ్యేది. అడవిలో, సిగ్నల్ లేని చోట, తుపాకులతో వేటకు వచ్చేవాళ్లు కూడా ఉండే చోట, ముందే వచ్చి కూర్చున్నవాళ్లని లేవమని అడిగే పరిస్థితిలోకి మనల్ని పంపిస్తున్నారు. ఎదుటివాళ్లు మంచివాళ్లు కావడం మా అదృష్టం.

కాసేపటికి ఫారెస్ట్ సర్వీస్ బండి ఒకటి వచ్చింది. అధికారి మా మెసేజ్‌లన్నీ ఓపిగ్గా చదివారు. ఈ చోటుకు ఫీజు లేదని, దీన్ని ఎవరూ రిజర్వ్ చేయలేరని, ఇలాంటి వ్యాపారం చేయాలంటే ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చే స్పెషల్ యూజ్ పర్మిట్ ఉండాలని చెప్పారు. తర్వాత మమ్మల్ని నాలుగడుగులు నడిపించి చెట్ల వైపు చూపించారు. మనిషి తల ఎత్తులో కొమ్మలకు ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు చుట్టుకుని ఉన్నాయి. ఈ మధ్య వరదలో నీళ్లు అంత ఎత్తున పారాయని వాటి అర్థం. మేం టెంట్లు దించిన ఇసుక ఆ కొమ్మల కింద ఉంది. రాత్రికి ఎగువన వాన సూచన ఉందని, చప్టా మునిగితే నీళ్లు తగ్గేదాకా బయటికి దారి ఉండదని, చీకటి పడకముందే వెళ్లిపోవడం మంచిదని చెప్పారు. లిటిల్ రాక్ వాళ్లు కూడా సర్దుకున్నారు.

ఆయన ఊరికే భయపెట్టలేదు. ఇదే వాషిటా అడవిలో ఆల్బర్ట్ పైక్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉండేది. 2010 జూన్ 11న తెల్లవారకముందే లిటిల్ మిసూరి నది ఒక్కసారిగా పొంగి అక్కడ 20 మంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలు ఉన్నారు. కొన్ని గంటల్లోనే నది సుమారు 20 అడుగులు పెరిగింది. వాతావరణ శాఖ అర్ధరాత్రి దాటాక హెచ్చరిక ఇచ్చింది, కానీ ఆ ఇరుకు లోయలో ఫోన్ సిగ్నల్ సరిగా లేదు, జనం నిద్రలో ఉన్నారు. అది బోర్డులు, రోడ్లు ఉన్న అధికారిక క్యాంప్‌గ్రౌండ్. మమ్మల్ని పంపిన చోట మేం ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. ఈ కొండల్లో లోయలు నిటారుగా ఉంటాయి, నేల రాతినేల, పడ్డ వాన ఇంకకుండా నేరుగా వాగుల్లోకి దిగుతుంది. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన పడితే చాలు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కొట్టుకుపోయేలా చేస్తుంది, రెండడుగులైతే చాలా వాహనాలు నిలవవు. 'వాగు పక్కనే' అన్నది ఆ ప్రకటనలో మొదటి ఆకర్షణ. అసలు ప్రమాదం కూడా అదే.

మేం మేనా ఊరికి వచ్చి మోటెల్లో గదులు తీసుకున్నాం. సిగ్నల్ రాగానే ప్యాకేజీ అమ్మినవాడికి ఫోన్ చేస్తే, 'మీరే వెళ్లిపోయారు కదా, రీఫండ్ ఉండదు' అన్నాడు. చోటు ఫ్రీ అట కదా అంటే, తీసుకున్నది సైట్ ఫీజు కాదు, లొకేషన్ వెతికిపెట్టినందుకు సర్వీస్ ఫీజు అన్నాడు. తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు. మెసేజ్‌లో మాత్రం 'ప్రైవేట్ సైట్, టెంటుకు ఇంత' అనే ఉంది. మంచి చోటు వెతికి, మ్యాపులు ఇచ్చి, జాగ్రత్తలు చెప్పి దానికి డబ్బు తీసుకుంటే దాన్ని నేను తప్పు పట్టను. కానీ అప్పుడు ఇది పబ్లిక్ స్థలం, ఉచితం, ఎవరైనా రావచ్చు అని ముందు చెప్పాలి. వాగు పొంగుతుందని చెప్పాలి. మాకు ఈ రెండూ చెప్పలేదు. బ్యాంకు వాళ్లు, మీరే స్వయంగా పంపిన డబ్బు కాబట్టి వెనక్కి తేలేమన్నారు. క్రెడిట్ కార్డు తీసుకోని అమ్మకందారు కనిపిస్తే అక్కడే ఆగండి.

ఫెడరల్ నిబంధన 36 సీఎఫ్ఆర్ 261.10 ప్రకారం, అనుమతి లేకుండా నేషనల్ ఫారెస్ట్ భూమిలో వస్తువులు గానీ సేవలు గానీ అమ్మకూడదు. పర్మిట్ ఉన్న గైడ్ కంపెనీలు నిజంగానే ఉన్నాయి, వాటితో వెళ్లొచ్చు. కాబట్టి ఏ ఫారెస్ట్, అందులో ఏ రేంజర్ డిస్ట్రిక్ట్ (అడవిని చూసుకునే స్థానిక విభాగం), పర్మిట్ ఎవరి పేరున ఉందో అడగండి. ఆ రేంజర్ ఆఫీసుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. అది మా సొంత పొలం అని వాళ్లు అంటే, ఏ స్థలం ఎవరిదో చూపించే కౌంటీ పార్సెల్ మ్యాప్‌లో యజమాని పేరు చూడండి. పిన్ ముందు రోజే పంపుతాం అన్నవాళ్లకి మాత్రం డబ్బు ఇవ్వకండి. పిన్ ముందే ఇస్తే అది ప్రభుత్వ భూమి అని ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, అందుకే దాస్తారు. మనవాళ్ల పెద్ద గ్రూపులకి ఇంకో సంగతి: 75 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి వెళ్తే లాభాపేక్ష లేని గుంపైనా ముందుగా పర్మిట్ తీసుకోవాలి.

డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ మీద కోపం తెచ్చుకోవద్దు. తెలిసి వెళ్తే ఎంతో బాగుంటుంది, మేమూ మళ్లీ వెళ్తాం. ఏ రోడ్ల మీద బండి నడపొచ్చో చూపించే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌ని ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. టెంటు వాగుకు, దారికి 200 అడుగుల దూరంలో, ఎత్తున వేసుకోండి. 200 అడుగులంటే పెద్దవాళ్ల నడకలో సుమారు 70 అంగలు. మలవిసర్జనకి కూడా నీళ్లకి అంతే దూరం వెళ్లి, 6 నుంచి 8 అంగుళాల గొయ్యి తవ్వి పూడ్చాలి, పేపర్ వెనక్కి తెచ్చుకోవాలి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఒక నిమిషం తెర్లేలా మరిగించాకే తాగాలి. ఈ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. ఒకప్పుడు దాదాపు అంతరించిపోతే 1950లు, 60ల్లో మినసోటా, కెనడాల నుంచి తెచ్చి వదిలారు. పులిహోర డబ్బా, బిస్కెట్ ప్యాకెట్, టూత్‌పేస్ట్ ఏదీ టెంటులో ఉంచకూడదు. పురుగుల్లో టిక్స్‌తో (రక్తం పీల్చే పిడుదులు) ఎక్కువ జాగ్రత్త, పిల్లల ఒళ్లు రోజూ వెతికి చూడాలి. శీతాకాలం ముందు జింకల వేట సీజన్‌లో వెళ్తే అందరూ నారింజ రంగు చొక్కాలు వేసుకోవాలి. ఒక్కోచోట 14 రోజులకు మించి ఉండనివ్వరు, అది మనకి సమస్య కాదు.

ప్యాకేజీలో వైల్డర్‌నెస్ అని రాసి, కారు టెంటు దాకా వస్తుంది అని కూడా రాస్తే అందులో ఒకటి అబద్ధం. 1964 వైల్డర్‌నెస్ చట్టం కింద ఉన్న ప్రాంతాల్లోకి వాహనాలు, సైకిళ్లు కూడా వెళ్లకూడదు. వాషిటాలో కేనీ క్రీక్ వైల్డర్‌నెస్ అలాంటిదే, 14,460 ఎకరాలు, నడిచే లోపలికి పోవాలి.

పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే టాయిలెట్ ఉన్న క్యాంప్‌గ్రౌండే చూసుకోండి. మేనా దగ్గర రిచ్ మౌంటెన్ మీద క్వీన్ విల్హెల్మినా స్టేట్ పార్క్ ఉంది. కొండ మీద కాబట్టి వాగు భయం లేదు. వాతావరణ హెచ్చరికలు వినడానికి చిన్న వెదర్ రేడియో కొనుక్కోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంటుంది, ఆకాశం కనిపించే చోటికి వచ్చి వాడాలి. లోతు లోయల్లో దాని మీదే ఆధారపడకండి. ఎక్కడ ఉంటారో, ఎప్పటికి తిరిగొస్తారో ఊళ్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఆ చోటుకు వెళ్లకండి. మెసేజ్‌లు, డబ్బు పంపిన వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, వినియోగదారుల మోసాలు చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ ఫ్రాడ్ సైట్‌లో, ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ వాళ్ల ఐసీ3 సైట్‌లో ఫిర్యాదు చేయండి. పిన్‌తో సహా ఆ రేంజర్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకీ పంపండి. మేం ఈ మూడూ చేశాం. శని, ఆదివారాల్లో రేంజర్ ఆఫీసులు చాలావరకు మూసే ఉంటాయి. లాంగ్ వీకెండ్‌కి వెళ్లేవాళ్లు గురువారం లోపే ఫోన్ చేసి రోడ్లు, వాన, మంటల మీద ఆంక్షలు కనుక్కోండి.