పండ్ల కొలతలకు డిజిటల్ త్రాసు

5 కిలోల వరకు తూచగల ఈ వంటింటి త్రాసును ఆరు నెలలుగా వాడుతున్నాను. మామిడిపండు ముక్కలను 240 మిల్లీలీటర్ల కప్పులో అంచు వరకు నింపితే, వాటి మధ్య ఖాళీలు ఉండటం వల్ల దాదాపు 165 గ్రాములే తూగుతాయి. అదే కప్పులో మెత్తగా చిదిమిన అరటిపండు గుజ్జు సుమారు 225 గ్రాములు ఉంటుంది కాబట్టి, ‘ఒక కప్పు పండు’ అని రాసి ఉన్నప్పుడు ముక్కలా, గుజ్జా అన్నది తేల్చుకోకుండా గ్రాముల్లోకి మార్చకూడదు. గిన్నె పెట్టి సున్నా బటన్ నొక్కితే పండు బరువు మాత్రమే కనిపిస్తుంది. తొక్క, టెంక తీశాకే తూచాలి. వెడల్పాటి బేసిన్ పెడితే అంకెలు దాని కింద మరుగునపడటం నాకు నిజంగా ఇబ్బందిగా ఉంది. ఆవకాయకు మాత్రం మా అమ్మ సోలే వాడతాను, ఎందుకంటే ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు అన్నీ ఒకే పాత్రతో కొలిచే ఆ పద్ధతిలో బరువుతో పని లేదు.