స్కందగిరి సన్‌రైజ్ ట్రెక్ ప్యాకేజీ కొంటున్నారా? ముందు ఫారెస్ట్ టికెట్ చూపించమనండి

బెంగళూరులో వీకెండ్ ట్రెక్ ప్యాకేజీలు కొనే మనవాళ్లందరి కోసం రాస్తున్నాను. ముఖ్యంగా కొత్తగా ఉద్యోగంలో చేరి పీజీల్లో ఉంటూ, ఇన్‌స్టాగ్రామ్‌లో మేఘాల వీడియో చూడగానే డబ్బు కట్టేసే పిల్లలు దయచేసి చివరిదాకా చదవండి. స్కందగిరి తీసుకెళ్తామని తలకు 1,199 రూపాయలు తీసుకున్న ఒక గ్రూప్ అసలు ఫారెస్ట్ టికెట్లే బుక్ చేయకుండా మమ్మల్ని అర్ధరాత్రి కొండ కిందికి చేర్చింది. గేటు దగ్గర ఆపేస్తే వెనక దారిన ఎక్కిస్తామంది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే నంబర్లు బ్లాక్ చేసింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఈ పని చేసేది వాళ్లొక్కరే కాదు కూడా, అందుకే వాళ్ల పద్ధతి ఎలా ఉంటుందో చెబుతాను.

స్కందగిరి చిక్కబళ్ళాపురం దగ్గర ఉంది. కళవార దుర్గ అని కూడా అంటారు. ఎత్తు దాదాపు 1,450 మీటర్లు, పైన టిప్పు సుల్తాన్ కాలం నాటి కోట గోడలు పడిపోయి ఉంటాయి. చలికాలంలో తెల్లవారుజామున కింద లోయంతా మబ్బు కమ్ముకుంటుంది, జనం వెళ్లేది అది చూడటానికే. మన పెన్నా, పాపాఘ్ని నదులు పుట్టింది కూడా ఈ నందికొండల ప్రాంతంలోనే. కడప, అనంతపురం వైపు వాళ్లకు ఆ కొండలంటే ఒక రకమైన అభిమానం ఉంటుంది, మాకూ ఉంది. చెల్లి, వాళ్ల ఆఫీసు స్నేహితులు ఎంతో ఆశపడి ఈ ట్రిప్ పెట్టుకున్నారు.

ఆ కొండ ఎక్కాలంటే కర్ణాటక అటవీశాఖ టికెట్ తప్పనిసరి. 2024 మొదట్లో కర్ణాటకలోనే కుమారపర్వతం అనే మరో ట్రెక్కింగ్ కొండ మీద జనం కిక్కిరిసిపోయాక, ఆన్‌లైన్ టికెట్ లేని దారుల్లో ట్రెక్కింగ్‌ను ప్రభుత్వం కొన్నాళ్లు ఆపేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో అరణ్య విహార అనే బుకింగ్ వెబ్‌సైట్ తెచ్చి, ఒక దారిలో రోజుకు 300 మందికి మించి వెళ్లకూడదని పరిమితి పెట్టారు. బుక్ చేసేటప్పుడు వెళ్లే ప్రతి ఒక్కరి పేరూ, గుర్తింపు కార్డు వివరాలూ ఇవ్వాలి. మోసం బయటపడేది సరిగ్గా ఇక్కడే. మీ దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు మీ ఆధార్ నంబరో, డ్రైవింగ్ లైసెన్సో అడగలేదంటే మీ పేరు మీద టికెట్ తీసే ఉద్దేశమే వాళ్లకు లేదు.

మా విషయంలో అడిగింది పేరు, వాట్సాప్ నంబర్, ఎక్కే స్టాప్, అంతే. మిగతాదంతా హడావుడి. "మూడు సీట్లే ఉన్నాయి, ఈ రాత్రికి కడితేనే ఈ రేటు" అని మెసేజ్ మీద మెసేజ్. డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి సొంత యూపీఐకి. బిల్లు ఇవ్వమంటే "గ్రూప్‌లో మీ పేరు పెట్టాం కదా మేడమ్, అదే కన్ఫర్మేషన్" అన్నారు. పర్మిట్ గురించి చెల్లి రెండుసార్లు అడిగితే "ఆల్ ఇన్‌క్లూడెడ్" అని జవాబు.

శుక్రవారం రాత్రి మారతహళ్లిలో టెంపో ట్రావెలర్ ఎక్కించారు. ఇరవై ఏళ్లు కూడా నిండనట్టున్న ఒక అబ్బాయిని ట్రెక్ లీడర్ అని పరిచయం చేశారు. అతని దగ్గర ఫస్ట్ ఎయిడ్ పెట్టె లేదు, హెడ్‌ల్యాంప్ లేదు, సెల్‌ఫోన్ టార్చ్ ఒక్కటే. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, వాడికీ ఏమీ చెప్పి పంపినట్టు లేదు.

గేటు దగ్గర అటవీశాఖ ఉద్యోగి చేతిలో ప్రింట్ తీసిన లిస్టు ఉంది. ఒక్కొక్క పేరూ వేలితో చూసుకుంటూ వస్తున్నాడు. మా బస్సు వంతు వచ్చాక లీడర్ ఫోన్‌లో ఒక పీడీఎఫ్ చూపించాడు. ఆయన ఫోన్ తీసుకుని పెద్దది చేసి చూశాడు, పక్కనే ఉన్నాను కాబట్టి నేనూ చూశాను. తేదీ ఉన్న చోట అంకెలు మిగతా అక్షరాల కంటే లావుగా, కాస్త కిందికి జారి ఉన్నాయి. వెనకాల చిన్న తెల్ల పట్టీ. పాత టికెట్ మీద కొత్త తేదీ అతికించారు. పేర్ల దగ్గర మాలో ఎవరి పేరూ లేదు. ఆ ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, ఆయనా తెలుగులోనే చెప్పాడు: "మీ పేర్లు లిస్టులో లేవమ్మా. మీ తప్పు కాదు, కానీ పంపలేను." ఇలాంటి బ్యాచ్‌లు తరచూ వస్తుంటాయట.

అసలు భయపడాల్సింది ఆ తర్వాత జరిగినదానికి. లీడర్ ఎవరికో ఫోన్ చేశాడు. అందరినీ మళ్లీ బస్సెక్కించాక ఆ ఫోన్‌లో మాట్లాడినవాడు, పొలాల పక్క నుంచి వెనక దారి ఉంది, అక్కడ చెకింగ్ ఉండదు, సన్‌రైజ్ మిస్ కాకూడదంటే త్వరగా కదలండి అన్నాడు. అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం కర్ణాటక అటవీ చట్టం ప్రకారం నేరం, పట్టుకుంటే కేసు మన మీదే పడుతుంది. వాడు ఫోన్ స్విచాఫ్ చేసుకుంటాడు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ కొండ పగలే నిటారుగా ఉంటుంది. మంచుకు తడిసిన నున్నటి బండలు, ముళ్లపొదలు, దారిలో తాగడానికి నీళ్లు దొరకవు. చీకట్లో దారి తెలియని పాతిక మందిని సెల్‌ఫోన్ వెలుగులో ఎక్కిస్తారట! ఎవరైనా పడితే ఎక్కడున్నారో అటవీశాఖకే తెలియదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఆ మనుషులే లేరు. మేము రామని కచ్చితంగా చెప్పేశాం. కొందరు వెళ్లారు, వాళ్లలో ఒక అమ్మాయి బండ మీద జారి మడమ బెణికి, ఇద్దరి భుజాల మీద కిందికి దిగింది. అంతటితో పోయిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

తిరిగొచ్చాక రిఫండ్ అడిగితే "పాలసీ ప్రకారం నో రిఫండ్, కావాలంటే వేరే ట్రెక్‌కు వోచర్" అన్నారు. పోస్టర్ మీద ఆ ముక్క రాసినంత మాత్రాన అదే ఆఖరి మాట కాదు. అమ్మిన సేవ ఇవ్వకపోతే అది సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అన్యాయమైన వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు. అసలు ట్రెక్కే లేకుండా డబ్బు లాక్కుని మాయమైతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చేయండి, మొదటి కొన్ని గంటలే కీలకం.

కొనేముందు నేను చెప్పేది ఒక్కటే. ఫారెస్ట్ టికెట్ మీ పేరుతో, ఆ తేదీతో మీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు కట్టండి. అడ్వాన్స్ అడిగితే టికెట్ ఖరీదు వరకే ఇవ్వండి. "గ్రూప్ టికెట్, గేటు దగ్గర చూపిస్తాం" అంటే వదిలేయండి. ఇంకా మంచిది, వెబ్‌సైట్‌లో మీరే బుక్ చేసుకోవడం. టికెట్ కొన్ని వందలే, కొండ బెంగళూరుకు 70 కిలోమీటర్ల లోపే, నలుగురు కలిసి క్యాబ్ మాట్లాడుకుంటే చాలు. అక్కడ రాత్రి క్యాంపింగ్‌కు అనుమతి లేదు. కాబట్టి "టెంట్, క్యాంప్‌ఫైర్ కొండపైన" అని ఎవరైనా అమ్ముతున్నారంటే అది అబద్ధమని అక్కడే తెలిసిపోతుంది. రివ్యూలు చూసి నమ్మకండి. మేము చూసినవాటిలో చాలా వరకు ఒకే వారంలో, ఒకే రకం మాటలతో ఉన్నాయి.

మంచి గ్రూపులూ ఉన్నాయి. వాళ్లు ఐడీ అడుగుతారు, టికెట్ పంపుతారు, వాన వస్తే ట్రెక్ ఆపి డబ్బు వెనక్కి ఇస్తారు. మా ఆఫీసులో ఒకాయన అలాంటివాళ్లతోనే ఏళ్లుగా వెళ్తున్నాడు.

ఇదే రకంగా మోసపోయినవాళ్లు ఎవరైనా ఉంటే యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్, పోస్టర్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. గ్రూప్‌లోంచి తీసేస్తే కొత్త మెసేజ్‌లు కనబడవు, పాతవి ఇప్పుడే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. 1915లో ఎవరికి వారే ఫిర్యాదు పెట్టండి, నా ఫిర్యాదుతో సరిపోతుందిలే అనుకోవద్దు. ఒకే యూపీఐ ఐడీ మీద ఎక్కువ ఫిర్యాదులు పడితేనే వ్యవహారం కదులుతుంది.