ఎనిమిది మంది, ఒకే గుడ్డ: ఆదివారం కలంకారీ కూడిక ఎలా ఉందంటే

హైదరాబాద్‌లో వారాంతాల్లో జరిగే కళా కూడికలు చాలావరకు ఒకే తీరు. ఎవరి కిట్టు వాళ్లది, ఎవరి బొమ్మ వాళ్లది, చివర్లో ఫొటో. పక్కవాళ్లతో మాట్లాడాల్సిన పనే పడదు. గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే ఈ శ్రీకాళహస్తి కలంకారీ కూడికలో మాత్రం పొడవాటి బల్ల మీద రెండున్నర గజాల గాడా (ముతక నూలు) గుడ్డ ఒక్కటే పరుస్తారు. చుట్టూ ఎనిమిది మంది. గీసే పూలతీగ ఒకరి దగ్గర మొదలై అందరి ముందు నుంచీ సాగాలి. "మీ ఆకు కాస్త అటు తిప్పండి, నా పువ్వుకి చోటు చాలట్లేదు" అనకుండా పని ముందుకు నడవదు. మాటలు అక్కడే మొదలవుతాయి.

గుడ్డ తయారీలో అడ్డదారి తొక్కలేదు, అందుకు మెచ్చుకోవాలి. కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో ముంచి, గట్టిగా పిండి, ఎండబెట్టి తెచ్చారు. పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు, కరక్కాయ వగరు నలుపును పట్టి ఉంచుతుంది. ఈ పని చేయని గుడ్డ మీద గీత అంచులు అలుక్కుపోతాయి. పాలు సరిగా పిండకపోయినా ఇబ్బందే, గుడ్డ జిగటగా ఉండి కలం సాగదు.

ముందు చింతపుల్ల బొగ్గుతో గీసుకోవాలి, నచ్చకపోతే దులిపేయొచ్చు. ఆ మీదట కసిమి. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టి వడకట్టిన నల్లసిరా ఇది. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కడతారు. ఆ ఉన్ని మీద వేళ్లతో మెల్లగా నొక్కితే సిరా మొనకు దిగుతుంది. కొత్తవాళ్లు ముంచిన కలాన్ని నేరుగా బొమ్మ మీద పెట్టేస్తారు, మొదటి చుక్క మచ్చయి కూర్చుంటుంది. పాతగుడ్డ ముక్క మీద రెండు గీతలు లాగాకే అసలు గుడ్డ మీదికి వెళ్లాలి.

గిన్నెలో పలుచటి డికాషన్‌లా ఉన్న కసిమి గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఇనుము కరక్కాయ వగరుతో కలవడం వల్ల వచ్చే నలుపు అది. బల్ల దగ్గర ప్రతి ఒక్కరూ కలం ఆపి చూసేది దాన్నే. ఆ గీత ఇక చెరగదు కాబట్టి, తప్పు పోయిన చోట ఏం చెయ్యాలో పక్కవాళ్లే చెబుతారు: ఇంకో ఆకు వెయ్యి, లేదా చిలుకను కూర్చోబెట్టు.

లోపాలూ ఉన్నాయి. బల్ల మధ్యలో కసిమి గిన్నె ఒక్కటే పెట్టారు. చెయ్యి చాచి తెచ్చుకునేలోపు దారిలో ఎవరి పువ్వు మీదో చుక్క పడుతుంది. ఇద్దరికి ఒక చిన్న గిన్నె, కింద పళ్లెం ఉండాలి. వెళ్లేవాళ్లు పాతబట్టలు వేసుకోండి, ఆ మరక సబ్బుకు లొంగదు.

ఎరుపు ఒక్కపూటలో రాదని నిర్వాహకులు ముందే చెప్పడం బాగుంది. పటిక నీళ్లతో పూసి, కనీసం ఒకరోజు ఆరనిచ్చి, కడిగి, మంజిష్ఠ వేళ్లతో ఉడికిస్తేనే ఎరుపు తేలుతుంది. మూడు గంటల్లో అన్ని రంగులూ అని ఎవరైనా అంటే వాడేది రసాయన రంగులేనా అని అడగండి. ఇక్కడ ఎరుపు పనిని రెండో ఆదివారానికి ఉంచారు. కానీ ఉతుకుడు బకెట్లో చేశారు, అది తప్పు. వదిలిన రంగు నిలవనీటిలో తిరిగి తెల్లచోట్లకు పడుతుంది. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి పారేనీటిలో జాడించేది అందుకే. నగరంలో కనీసం కుళాయి ధార కిందైనా గుడ్డ పరిచి పట్టాలి.

అన్నిటికంటే బాధ కలిగించింది చివరి పని. అందరికీ తలో ముక్క ఇవ్వాలని గుడ్డను ఎనిమిదిగా కత్తిరించారు. ఎనిమిది మంది మాట్లాడుకుని కలిపిన తీగ ఏడుచోట్ల తెగింది. ఆ గుడ్డను అలాగే ఏ కాలనీ గ్రంథాలయం గోడకో వేలాడదీసి, కింద శ్రీకాళహస్తి తెరల (గుళ్లలో వేలాడదీసే బొమ్మల గుడ్డల) మీద రాసినట్టు తెలుగులో ఒక వరుస రాయించి, ఇంటికి తీసుకెళ్లడానికి తలా ఒక జేబురుమాలు గుడ్డ విడిగా ఇస్తే సరిపోయేది.