స్పిన్ గొలుసుల లెక్కల కోసం కొన్న డెస్క్‌టాప్: ఏడాది వాడకం తరువాత

పదహారు కోర్ల ప్రాసెసర్, 32 జీబీ డీడీఆర్4 మెమరీ, ఆటల కోసం తయారైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఈ డెస్క్‌టాప్ మీద ఏడాదిగా నా భౌతికశాస్త్ర గణనలన్నీ నడుస్తున్నాయి. ఇలాంటి పనికి దీన్ని కొనవచ్చు, అయితే ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే కోర్ల సంఖ్యను చూసి మాత్రం కొనకూడదు.

హైసెన్‌బర్గ్ గొలుసు అంటే చిన్న అయస్కాంతాల్లాంటి స్పిన్‌లు వరుసగా నిలిచి పక్కవాటిని ప్రభావితం చేసుకునే నమూనా; 16 స్పిన్‌ల గొలుసుకు 65,536 స్థితులు ఉంటాయి. వాటి శక్తిని తెలిపే మాత్రికను డబుల్ ప్రెసిషన్‌లో, అంటే ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున, పూర్తిగా నింపితే ఉన్న 32 జీబీ అంతా దానికే సరిపోతుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా చోటు మిగలదు. మొత్తం స్పిన్ జడ్ అంశం, అంటే జడ్ దిశలోని భాగం, మారదు కనుక అది సున్నా అయిన స్థితులను మాత్రమే తీసుకుంటే 12,870 మిగులుతాయి, మాత్రిక 1.3 జీబీకి దిగివస్తుంది. అప్పుడు మాత్రికల లెక్కల సాఫ్ట్‌వేర్ ల్యాపాక్‌తో ఐగెన్ విలువలన్నీ, అంటే శక్తిస్థాయిలన్నీ, రాబట్టే పనిలో పదహారు కోర్లూ చక్కగా ఉపయోగపడతాయి.

కనిష్ఠ శక్తి వంటి కొన్ని విలువలనే రాబట్టే లాంచోస్ పద్ధతికి వచ్చేసరికి కథ మారిపోయింది. అందులో మాత్రికను సదిశతో పదేపదే గుణించాలి, మెమరీ నుంచి తెచ్చిన ప్రతి మూలకం ఒక గుణకారానికి, ఒక కూడికకు మాత్రమే పనికివస్తుంది. నాలుగు కోర్లు దాటాక ఎన్ని జోడించినా వేగం పెరగకపోవడంతో పెట్టె విప్పి చూస్తే, అమ్మినవారు 32 జీబీనీ ఒకే మాడ్యూల్‌గా ఒకే స్లాట్‌లో పెట్టి పంపారని తెలిసింది. 3200 వేగం గల మెమరీ ఒక ఛానెల్‌లో, అంటే ప్రాసెసర్‌కు చేరే ఒక దారిలో, సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ మాత్రమే అందిస్తుంది, అంటే 320 కోట్ల సంఖ్యలు, 640 కోట్ల క్రియలు. ఈ ప్రాసెసర్‌లోని ఒక్క కోరే అంతకు ఎన్నో రెట్లు చేయగలదు. ఈ సంగతి ప్రకటనలో ఎక్కడా లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే కొనేవారు యంత్రం సగం శక్తిని తెలియకుండానే వదులుకుంటున్నారు. అలాంటిదే మరొక మాడ్యూల్ రెండో ఛానెల్‌లో పెట్టాక లాంచోస్ దాదాపు రెట్టింపు వేగం అందుకుంది.

గ్రాఫిక్స్ కార్డు మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక్కో సంఖ్యకు 4 బైట్లే వాడే సింగిల్ ప్రెసిషన్‌లో అది అద్భుతంగా పనిచేస్తుంది కానీ డబుల్ ప్రెసిషన్ వేగం అందులో 64వ వంతే, సింగిల్ ప్రెసిషన్ ఇచ్చే ఏడు అంకెల ఖచ్చితత్వంతోనేమో దగ్గర దగ్గరగా ఉండే శక్తిస్థాయిలను వేరు చేయలేము. డెస్క్‌టాప్‌తో వచ్చిన చిన్న ప్రాసెసర్ కూలర్ కూడా గంటల తరబడి నడిచే పనికి చాలలేదు, ప్రాసెసర్ వేడెక్కి తానే వేగం తగ్గించుకునేది. పెద్ద కూలర్ బిగించాక ఆ ఇబ్బంది తీరింది.

ఈ మార్పుల తరువాత, సున్నా కాని మూలకాలనే దాచుకుంటూ 24 స్పిన్‌ల వలయానికి లెక్క నడిపాను. స్థితులు 27,04,156 అయినా ఒక్కో సదిశకు 22 ఎంబీ చాలు. కనిష్ఠ శక్తి ఒక్కో స్పిన్‌కు, అనంత గొలుసుకు భౌతికశాస్త్రవేత్త హుల్తేన్ 1938లో తేల్చిన −0.4431 కంటే కొద్దిగా దిగువన, ఉండవలసిన చోటే వచ్చింది. మెమరీలో తప్పులు సరిదిద్దే ఈసీసీ సదుపాయం దీనికి లేదు కనుక, రోజుల తరబడి సాగే లెక్కను రెండుసార్లు నడిపి ఫలితాలు పోల్చుకుంటున్నాను.